ఇంగ్లండు చేరిన అత్త గొంతు

పోయిన వారం మా కాలేజీలో ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. సమాయిల్ నుంచి రోజూ గంటకు పైగా ప్రయాణం చేసి వచ్చే పిల్ల, మాట నెమ్మది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నేను మస్కట్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆమె చేతిలో ఇంగ్లండులో ఒక సెమిస్టరు చదవడానికి దరఖాస్తు ఉంది. నా సంతకం కావాలి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నావో రాయమన్న చోట, తనను చిన్నప్పటి నుంచి పెంచిన పనిమనిషి జీవితాన్ని ఆమె మాటల్లోనే రికార్డు చేసి ఒక ప్రాజెక్టు చేస్తానని రాసింది. పనిమనిషిది ఇండియా అట. ఆమెని అడిగావా అన్నాను. అడగడమెందుకు మిస్, ఆవిడ నాకు అమ్మలాంటిది, సంతోషపడుతుంది అని నవ్వింది. చెప్పవలసిన మాట ఒకటి నా నోటిదాకా వచ్చింది. కానీ చెప్పకుండా ఊరుకోవడం నాకు చిన్నప్పుడే బాగా అలవాటైన పని. సంతకం పెట్టి, ఆల్ ది బెస్ట్ అని కాగితం చేతికిచ్చాను. ఆ పిల్ల వెళ్లిపోయాక రెండు క్లాసులు ఏం చెప్పానో నాకే తెలియదు.

మా ఇంట్లో కూడా ఒకామె ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. కడప జిల్లా మనిషి, రాయచోటి పక్కన ఏదో పల్లె. అప్పుడామెకి ముప్ఫై రెండేళ్లు. పనిమనిషిని పేరు పెట్టి పిలవడం సంస్కారం కాదని మా అమ్మ నాచేత అత్తా అని పిలిపించింది. సంస్కారం విషయంలో మా అమ్మ చాలా పట్టింపు మనిషి. వచ్చిన బంధువులకీ స్నేహితులకీ అత్తని చూపించి, మాకు పనిమనిషి కాదండీ, ఇంటి మనిషి అని చెప్పేది. ఇంటి మనిషి వంటింటి పక్కన సామాన్ల గదిలో, బియ్యం బస్తాలకీ గోడకీ మధ్య ఒక పరుపు వేసుకుని పడుకునేది. ఆమె కంచం అడుగున మేకుతో గీసిన గుర్తు ఉండేది, మా కంచాల్లో కలిసిపోకుండా. గుడ్ల అట్టలో ఎన్ని గుడ్లున్నాయో అమ్మకి ఎప్పుడూ నోటికి వచ్చేది. ఇవన్నీ చెడ్డ ఉద్దేశంతో చేసేది కాదు. దీపావళికి చీర పెట్టేది, జ్వరం వస్తే తనే కారులో కూర్చోబెట్టి క్లినిక్‌కి తీసుకెళ్లేది, తిట్టడం గాని చెయ్యి ఎత్తడం గాని ఏనాడూ లేదు. మస్కట్ శివార్లలో సీబ్‌లో మేమున్న వీధిలో పనివాళ్లని ఎవరెట్లా చూస్తారో మాకు తెలుసు కాబట్టి, మేం చాలా మంచివాళ్లమని మాకు గట్టి నమ్మకం.

అత్త ఫోను అమ్మ పడగ్గదిలో బీరువాలో ఉండేది. ఫోను చేతిలో ఉంటే పని మీద ధ్యాస ఉండదని అమ్మ సిద్ధాంతం. కానీ స్విచాఫ్ చేసేది కాదు, చార్జింగ్ కూడా తనే పెట్టేది, అదొక మర్యాద. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట ఇచ్చేది. ఆ అరగంటా అత్త పెరటి మెట్ల మీద కూర్చుని రాయచోటికి వినబడేంత గట్టిగా మాట్లాడేది. ఎక్కువగా వాళ్లమ్మతోనే. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు, పిల్లలు లేరు, తమ్ముడింట్లో తల్లి. ఆ ముసలామెకి చెవుడు. అందుకని అత్త మాటలు మాకందరికీ వినబడేవి. తిన్యావా, కాళ్లనొప్పి ఎట్లుంది, బర్రె ఈనిందా. ఎనిమిదేళ్లు అవే మూడు ప్రశ్నలు. మా నాన్న భోజనం చేసి సోఫాలో వాలి ఆ ప్రశ్నల్ని ఆమె కంటే ముందే పెదాలతో పలికి నన్ను నవ్వించేవాడు.

నన్ను పెంచింది అత్తే అని చెబితే అమ్మకి ఇప్పటికీ కోపం. కానీ నాకు అన్నం కలిపి పెట్టింది ఆమె, జడ వేసింది ఆమె, పెద్దమనిషినైనప్పుడు భయపడి స్కూలు బాత్రూంలో ఏడ్చి వచ్చిన రోజు ఏమీ అడక్కుండా నీళ్లు కాచింది ఆమె. మా ఇంట్లో మాది కాకినాడ వంట, పప్పుచారు, పులుసులు. అమ్మ ఊళ్లో లేనప్పుడు మాత్రం అత్త రాగిసంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి నూరి పెట్టేది. అమ్మకి చెప్పాకు పాపా అనేది. నేను చెప్పేదాన్ని కాదు. అప్పట్లో నా మౌనం ఆమెకి పనికొచ్చేది.

పన్నెండో తరగతి పరీక్షలప్పుడు సంగతి ఇది. ఇండియన్ స్కూల్లో అందరి ఇళ్లలాగే మా ఇంట్లోనూ ఆ నెల ఎవరూ గట్టిగా దగ్గేవాళ్లు కూడా కాదు. అమ్మ గదిలో ఏసీ బాగా పనిచేస్తుందని నేను అక్కడ కూర్చుని చదువుకుంటున్నాను. పగలు పదకొండు గంటలు. బీరువాలో అత్త ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. అకౌంట్స్ లెక్క ఒకటి తెగడం లేదు, ఆ చప్పుడు భరించలేక తీసి హలో అన్నాను. అత్త తమ్ముడు. ఎవరు మాట్లాడేది అని కూడా అడగలేదు. మాయమ్మ సచ్చిపాయ, మా అక్కకి చెప్పండి అన్నాడు. తెల్లారుజామున పోయిందట, మా అక్క రాగలదా, శవాన్ని ఉంచమంటారా అని అడిగాడు. నేను ఇప్పుడే చెబుతాను అని పెట్టేశాను.

అమ్మ హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. చెప్పాను. అమ్మ చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. పాపం అంది. నిజంగానే అంది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తరువాత వంటింటి వైపు చూసింది. లోపల అత్త నాకోసం బత్తాయిరసం తీస్తోంది. అమ్మ గొంతు తగ్గించి, నువ్వు వెళ్లి చదువుకో, నేను చూసుకుంటాను అంది. నేను వెళ్లి చదువుకున్నాను. పది నిమిషాల్లో అత్త రసం తెచ్చి బల్ల మీద పెట్టి, లెక్క వచ్చిందా పాపా అని అడిగింది. వచ్చింది అన్నాను. నిజంగానే వచ్చింది.

చెబితే ఇండియా వెళ్తానంటుంది. వెళ్తే నెల. ఈ నెలలో వంట ఎవరు చేస్తారు, పిల్లకి వేళకి ఎవరు పెడతారు. అయినా అంత దూరం నుంచి వెళ్లేసరికి అక్కడ అన్నీ అయిపోతాయి. ఇవీ అమ్మ కారణాలు. సాయంత్రం నాన్న ఆ తమ్ముడికి ఫోన్ చేసి, వీసా ఇబ్బంది వల్ల ఇప్పుడు రావడానికి లేదు, కానివ్వండి, ఆమెకి మెల్లగా మేమే చెబుతాం అన్నాడు. నా చివరి పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

ఆ పంతొమ్మిది రోజుల్లో రెండు శుక్రవారాలు వచ్చాయి. ఫోనులో బాటరీ పోయిందని, రూవి బజారులో రిపేరుకి ఇచ్చామని అమ్మ చెప్పింది. రెండో శుక్రవారం నాన్నకి రూవిలో పని ఉంది. నాకు చదివి చదివి బుర్ర వేడెక్కిందని నన్నూ కారులో ఎక్కమన్నారు. అత్త తనూ వస్తానంది. వాళ్లమ్మకి దుప్పటి కొనాలట. గల్ఫ్ నుంచి వెళ్లే ప్రతివాళ్లూ భుజాన మోసుకెళ్తారే, పెద్ద పెద్ద పువ్వులు, జిప్పున్న ప్లాస్టిక్ సంచీ, ఆ దుప్పటి. ముసలామెకి ఎండాకాలంలో కూడా చలేనట. ఊరికి పోయే మనిషి ఎవరైనా దొరికితే పంపుతానంది. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ, తీసుకెళ్లండి పాపం అంది.

రూవిలో దుప్పట్ల దుకాణం ముందు నాన్న కారు ఆపాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. అత్త లోపలికి వెళ్లి ఒక్కో దుప్పటీ తీయించి, చెంపకి ఆనించి చూసి, వద్దని, ఇంకోటి తీయించి, చివరికి ఎర్రగులాబీలది తీసుకుంది. అద్దంలోంచి అంతా కనబడుతోంది. నాన్న స్టీరింగ్ మీద వేళ్లతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. నేను బిజినెస్ స్టడీస్ నోట్సు ఒళ్లో పెట్టుకుని ఒకే పేరా మళ్లీ మళ్లీ చదివాను. ఆమె దుప్పటిని పసిపిల్లలా ఎత్తుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఈడనే గదా సారూ ఫోను ఇచ్చినారు, అయిందేమో అడగండి అంది. మా నాన్న చాలా మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించలేడు. కారు దిగి, రోడ్డు దాటి, ఒక మొబైల్ షాపులోకి వెళ్లి, ఐదు నిమిషాలు లోపల నిలబడి, తిరిగొచ్చాడు. ఇంకా కాలేదట అన్నాడు. కారు సీబ్ వైపు తిప్పాడు. అత్త, దుప్పటి ఎంత మెత్తగా ఉందో చూడు పాపా అని నా చేయి లాగి దాని మీద పెట్టింది.

నా ఆఖరి పరీక్ష అయిన రోజు సాయంత్రం అమ్మ చెప్పింది. నేను నా గదిలో తలుపు వేసుకుని ఉన్నాను. పెద్ద ఏడుపేమీ వినబడలేదు. అరగంట తరవాత చూస్తే అత్త వంటింట్లో గిన్నెలు తోముతోంది. మర్నాడు దుప్పటి తీసుకెళ్లి మా పక్క ప్లాటులో విల్లా కడుతున్న జగిత్యాల మేస్త్రీ ఒకతనికి ఇచ్చేసింది. మేం చూసీ చూడనట్టున్నాం. నెల పోయాక సెలవిచ్చి ఊరికి పంపాం, తిరిగి వచ్చేసింది. ఇంగ్లీషులో నాకు స్కూల్ ఫస్ట్ వచ్చింది.

ఇక ఇంగ్లండు. డిగ్రీ మూడో ఏడు మస్కట్‌లో నేను చదివే కాలేజీ నుంచి ఒక సెమిస్టరు అక్కడ చదివే అవకాశం వచ్చింది. ఊరు లండన్ నుంచి రైల్లో మూడు గంటలు, కానీ అమ్మ అందరికీ లండన్ అనే చెప్పింది. సెప్టెంబరులో వెళ్లాను. మొదటి వారంలోనే హాస్టల్ వంటింట్లో పప్పుకి పోపు పెట్టబోయి పొగకి అలారం మోగించి ఎనిమిది దేశాల పిల్లల్ని వానలో నిలబెట్టాను. ఫైరింజను వచ్చింది. నేను గరిటె చేత్తో పట్టుకుని అందరికీ సారీ చెబుతూ నిలబడ్డాను. ఆ తరువాతే అత్తతో మెసేజీలు మొదలయ్యాయి. బయల్దేరే ముందు నా పాత ఫోను అత్తకి ఇవ్వమని అమ్మని ఒప్పించాను, వంట సందేహాలు అడగడానికి. అమ్మాయి ఆకలితో ఉంటే ఎలా అని అమ్మ సిద్ధాంతం కాస్త సడలించింది. అప్పట్లో మస్కట్‌లో నెట్ మీద ఫోను కాల్స్ కలిసేవి కావు. అందుకని గొంతు రికార్డు చేసి పంపుకునేవాళ్లం. నేను అడిగింది ఇంగ్లండు నుంచి, ఆమె చెప్పింది మస్కట్ నుంచి. వెనకాల కుక్కర్ కూత, కుళాయి చప్పుడు, ఒక్కోసారి అమ్మ ఎవరితోనో మాట్లాడటం.

అక్కడ నేను తీసుకున్న కోర్సుల్లో ఒకటి, మామూలు మనుషుల జీవితాల్ని వాళ్ల నోటితోనే చెప్పించి భద్రపరచడం. ఒక్కొక్కరూ ఒక్క మనిషిని ఎంచుకోవాలి. కొందరు తాతల్ని, కొందరు పాత గని కార్మికుల్ని వెతుక్కుని బస్సుల్లో తిరిగారు. నాకంత కష్టం లేదు. నా మనిషి నా ఫోన్లోనే ఉంది. అత్తకి చెప్పాను, కాలేజీ పాఠం కోసం నీ కథ చెప్పమని. మా కతలు ఎవురికి కావాల పాపా అని నవ్వింది. మస్కట్‌లో ఎవరూ వినరని, పేరు మారుస్తానని మాటిచ్చాను. ఆమె రెండు రోజులు ఏమీ పంపలేదు. మూడో రోజు మధ్యాహ్నం మొదలుపెట్టింది.

నాలుగు నెలలు దాదాపు రోజూ పంపింది. పెళ్లి, మొగుడు, ఏజెంటు, మొదటిసారి విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక చీర కొంగుతో కట్టేసుకోవడం, బియ్యం బస్తాల గది, కంచం అడుగున గీత, బీరువాలో ఫోను. ఫిర్యాదులా చెప్పేది కాదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పేది. నవంబరులో ఒకరోజు వాళ్లమ్మ సంగతి వచ్చింది. ఆ మెసేజీ నేను బస్సులో కూర్చుని విన్నాను. ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

“ఎన్మిదేండ్లలో మీయమ్మ నన్ను కుర్చీలో కూచ్చోమన్నది అదే మొదులు. కాపీ గూడా తనే తెచ్చిచ్చె. కూచ్చోకముందే తెల్సిపాయ పాపా, ఎవురో సచ్చిపోయినారని.”

దుప్పటి కొన్నది చెప్పింది. నాన్న షాపులోకి వెళ్లి వచ్చింది చెప్పింది. ముందు సీట్లో ఎవరున్నారో చెప్పలేదు. ఫోను మొదట ఎవరు ఎత్తారో చెప్పలేదు. ఆమెకి తెలియదు కాబోలు, లేదా మరిచిపోయింది కాబోలు అనుకున్నాను. బస్సు దిగేటప్పుడు నా ఒళ్లు ఎంత తేలికైందో చెప్పలేను. నేను ఎక్కడా లేకుండా ఆ ప్రాజెక్టు ఎలా రాయాలో అప్పుడే తెలిసిపోయింది.

క్లాసులో ఆ రికార్డింగు వినిపించాను, తెలుగు గొంతు, కింద నా ఇంగ్లీషు అనువాదం. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి మా టీచరు, తెల్లజుట్టు పెద్దావిడ, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఒకబ్బాయి, మీ ఇంట్లో వాళ్లు ఎప్పుడైనా క్షమాపణ అడిగారా అన్నాడు. లేదు, అందుకు నేను సిగ్గుపడుతున్నాను అన్నాను. తల వంచుకుని అన్నాను. సొంత తల్లిదండ్రుల గురించి ఇంత నిజాయితీగా మాట్లాడటానికి ధైర్యం కావాలని టీచరు అందరితో చెప్పింది. ఆ సిగ్గుకి కూడా మార్కులు పడ్డాయి. క్లాసులో అందరికంటే ఎక్కువ నాకే. వాళ్ల డిపార్టుమెంటు పేజీలో పెడతామంటే సరే అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ లింకు తీసుకుని నా ఫేసుబుక్కులో పెట్టాను. ఇంగ్లండు స్నేహితులు చూస్తారని పెట్టాను, మస్కట్ వాళ్లు కూడా ఉన్నారన్న సంగతి మరిచిపోయాను అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. మెచ్చుకుంటారనుకున్నాను.

పేరు మార్చాను. కానీ ఆ గొంతు చేతి పెసరట్లు తినని తెలుగు కుటుంబం సీబ్‌లో లేదు.

జనవరిలో తిరిగొచ్చాను. ఎయిర్‌పోర్టుకి నాన్న ఒక్కడే వచ్చాడు. కారెక్కాక, మీ అమ్మ ఏదడిగినా ఎదురు చెప్పకు అన్నాడు. ఇంట్లో అమ్మ మామూలుగానే ఉంది, చిక్కిపోయావు అంది. అత్త తలుపు దగ్గర నిలబడి నవ్వబోయి ఆగింది. నాలుగు నెలలు అంత మాట్లాడిన మనిషి నా సంచీ అందుకుని లోపలికి నడిచింది. శుక్రవారం అమ్మ తన స్నేహితురాళ్లలో ముగ్గురిని భోజనానికి పిలిచింది. నేను వచ్చిన సందర్భమట. అత్తే వండింది, అత్తే వడ్డించింది. భోజనాలయ్యాక పాయసం కప్పులు చేతుల్లో ఉండగా అమ్మ తన ఫోను బల్ల మధ్యలో పెట్టింది. అత్త గొంతు మొదలైంది. వంటింటి గుమ్మంలో అత్త ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి తన గొంతు తనే విన్నది. ఎవరూ ఆపలేదు. అమ్మ మొత్తం వినిపించింది. అంతసేపూ స్నేహితురాళ్లలో ఒకావిడ పాయసంలో జీడిపప్పులు ఏరుకుని తింటూనే ఉంది.

అయిపోయాక అమ్మ అరవలేదు. నిన్ను నేను ఎప్పుడైనా కొట్టానా, తిట్టానా అని అడిగింది. అత్త గిన్నె కింద పెట్టింది.

“ల్యామ్మా. కొట్నారని నేను చెప్పనూ ల్యా. మాయమ్మ సచ్చిపోతే చెప్పల్యా అని మాత్రం చెప్పినా.”

అమ్మ ముఖం ఎర్రబడింది. నీ మంచికోసమే చెప్పలేదు, ఇంత దూరంలో ఒక్కదానివి ఏడుస్తావని చెప్పలేదు అంది. తను అన్నమాట తనే నమ్మింది, నాకు తెలుసు. తరువాత నా వైపు తిరిగి, నువ్వు అడిగావా, తనే చెప్పిందా అంది. అందరూ నన్ను చూశారు. తనే చెప్పింది అన్నాను. అబద్ధం కాదు. చెప్పింది తనే. స్నేహితురాళ్ల కేసి చూసి అమ్మ, ఆ గొడవంతా నేనూ ఆయనా చూసుకున్నాం, పరీక్షల్లో ఉన్న పిల్ల, దీనికి అప్పుడు ఆ కబురే తెలియదు, తెలిస్తే ఊరుకునేదా అంది. నన్ను కాపాడటానికే అంది.

అత్త నన్ను చూసింది. కోపంగా కాదు. వంట చేసేటప్పుడు పాలు పొంగుతాయేమోనని చూసే చూపు అది. నేను పాయసం కప్పులోకి చూశాను. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇలాంటివాళ్లకి చనువిస్తే ఇంతేనండీ అని ఒకావిడ అంది. పాయసం చాలా బాగుందని ఇంకొకావిడ అంది.

నాలుగు రోజుల్లో వీసా రద్దు, టిక్కెట్టు అన్నీ అయిపోయాయి. ఇంకో ఇంట్లో చేరడానికి మావాళ్లు ఒప్పుకుంటూ కాగితం ఇవ్వాలి. అది ఇవ్వలేదు కాబట్టి అప్పటి నియమం ప్రకారం రెండేళ్లదాకా ఆమె ఈ దేశం రాకూడదు. నాన్న ఒకసారి నసిగాడు, ఇద్దామేమో అని. అమ్మ వినబడనట్టు ఊరుకుంది. వెళ్లే రోజు ఉదయం అమ్మ హాల్లో చాప వేసి అత్త పెట్టె తెరిపించింది. చీరలు ఒక్కొక్కటీ దులిపించింది. రవికెల మడతలు విప్పించింది. పదకొండేళ్ల మనిషి సామానంతా చాప మీద పరిస్తే చాప నిండలేదు. నేనిచ్చిన పాత ఫోను దొరికింది. ఇది మాది కదా అని అమ్మ పక్కన పెట్టింది. నేను ఇచ్చానమ్మా అనొచ్చు. అక్కడే సోఫాలో కూర్చున్నాను.

పెట్టె సర్దుకోవడానికి అత్త తన గదిలోకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె బియ్యం బస్తా మీద కూర్చుని చీరలు మళ్లీ మడతపెడుతోంది. సారీ అత్తా, నేను పేరు మార్చాను అన్నాను.

“పేరు మార్చినావులే. గొంతు మార్చల్యా గదా” అంది. ఇంకో చీర మడిచింది. తల ఎత్తకుండానే అంది, “ఆపొద్దు ఫోనెత్తింది నువ్వేనని నాకు తెల్సు. ఊరికి పోయినప్పుడు మా తమ్ముడు చెప్పినాడు, చిన్నపిల్ల గొంతని.”

మరి ఎందుకు అడగలేదు, ఆ మెసేజీలో ఎందుకు చెప్పలేదు అని గొణిగాను.

“నువ్వు చెప్తావేమోనని జూచ్చాంటి. రెండేండ్లు జూసినా. లండన్ పోయినాక దినామూ అడగబడ్తివి, మీయమ్మ గురించి చెప్పు, మా ఇంటి గురించి చెప్పు అని. నేను ఒకటి చెప్తే నువ్వొకటి చెప్తావనుకుంటి. అందుకే అన్నీ చెప్పినా. ఈపొద్దు చెప్తాదేమో, రేపు చెప్తాదేమో అని.”

అప్పుడు నాకు పదిహేడేళ్లు అత్తా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆ క్షణంలో కూడా నాకు దొరికింది ఒక సాకే.

అవును అంది అత్త. పెట్టె మూసింది. జిప్పు ఒకచోట పట్టేస్తే నన్ను నొక్కి పట్టుకోమంది. నేను మోకాలితో నొక్కి పట్టుకున్నాను. అది మూసుకున్నాక, పక్కకి జరుగు పాపా, టైమయితాంది అని పెట్టె తనే ఎత్తుకుని బయటికి నడిచింది. ఎయిర్‌పోర్టు మా ఇంటికి పది నిమిషాలు. నాన్న దింపి వచ్చాడు. దిగేటప్పుడు ఏమైనా అందా అని అడిగితే, కారు తలుపు సరిగ్గా పడలేదని మళ్లీ తీసి వేసింది అన్నాడు.

ఆ తరువాత సంగతులు పెద్దగా లేవు. అత్త తమ్ముడి నంబరు అమ్మ ఫోన్లోంచి తీసేసింది. రెండేళ్ల తరువాత సీబ్ సూక్ బజారులో చేపలు కొంటుంటే కడప మాట వినబడి ఒకామెని ఆపి అడిగాను. కువైట్ పోయిందని ఆమె విన్నదట. వెతికానని చెప్పుకోవాలంటే ఇది ఒక్కటే ఉంది నా దగ్గర. ఆ ఇంగ్లండు డిపార్టుమెంటువాళ్లు పేజీలు మార్చుకున్నారు, అందులో ఇప్పుడు ఆ గొంతు లేదు. ఆ కోర్సులో వచ్చిన మార్కు నా సర్టిఫికెట్టులో ఉంది. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు దాని గురించే ఎక్కువ అడిగారు, బాగా చెప్పాను. అమ్మకి ఆ తరువాత అరడజను మంది పనివాళ్లు మారారు. కాళ్లనొప్పులు, కుర్చీలోంచి లేవడం కష్టం. అలాంటి మనిషి మళ్లీ దొరకలేదే, ఏమనుకుని వెళ్లిపోయిందో అంటుంది ఈమధ్య. వెళ్లిపోలేదు, పంపించాం అని ఒక్కసారైనా అనాలనుకుంటాను. అనను.

మొన్న పుట్టినరోజుకి నాకు ముప్ఫై రెండు వచ్చాయి. ఆమె మా గుమ్మంలో మొదటిసారి చెప్పులు విడిచి నిలబడినప్పటి వయసు. తొమ్మిదేళ్ల నా కంటికి అప్పుడు ఎంతో పెద్ద మనిషి, అన్నీ ఓర్చుకోగల మనిషి. ఇప్పుడు ఆ వయసులో నిలబడి చూస్తే, చిన్న జ్వరం వచ్చినా నేనింకా అమ్మకి ఫోన్ చేస్తున్నాను. కాలం మనిషిని నడిపించి నడిపించి ఎదుటివాళ్ల వయసు దాకా తీసుకొచ్చి నిలబెడుతుంది గాని, చెప్పవలసిన మాట చెప్పవలసిన రోజుకి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయనివ్వదు.